ఆకుకు చిల్లు పడిందా? అయితే పండగే!

ఓ చిన్న పరీక్ష. ఇది చదవడం అయ్యాక ఒకసారి మీ అపార్ట్‌మెంట్ కిందికి దిగండి. గేటు నుంచి క్లబ్‌హౌస్ దాకా నడుస్తూ, దారిలో కనిపించిన మొక్కల్లో ఓ పదింటికి తెలుగులో పేర్లు చెప్పండి. ఫాక్స్‌టెయిల్ పామ్, ఫైకస్, దురంతా, కోనోకార్పస్ లాంటి నర్సరీ పేర్లు చెల్లవు. మీ అమ్మకో నానమ్మకో తెలిసిన పేరు అయ్యుండాలి.

మూడు దాటాయా? దాటితే మీది అదృష్టం ఉన్న అపార్ట్‌మెంటే.

రెండో పరీక్ష ఇంకా తేలిక. ఆ మొక్కల్లో ఏదో ఒకదాని ఆకు పట్టుకుని వెనక్కి తిప్పి చూడండి. పురుగు కొరికిన చిల్లు ఉందా? చాలాచోట్ల ఉండదు. మచ్చ కూడా లేకుండా, తుడిచిపెట్టినట్టు నిగనిగలాడుతుంటుంది. ‘అబ్బ, ఎంత ఆరోగ్యంగా ఉందో’ అనుకుంటాం. నిజానికి ఆ శుభ్రమైన ఆకు చెప్పేది వేరే సంగతి. ఆ మొక్కను తిని బతికేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరని!

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఇంటర్‌లో ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్. అంటే పదో తరగతి దాటాక మొక్కల గురించి ఒక్క పేజీ కూడా చదవలేదన్నమాట. అలాంటివాడిని రెండేళ్లుగా ఈ ఆకుల వెనక ఎందుకు తిరుగుతున్నానో చెప్తా. మీ బాల్కనీలో రెండు కుండీలకు చోటుంటే, ఇది మీకు కూడా పనికొచ్చే విషయమే.

కరివేపాకు మీద పిట్టరెట్ట

మా నాలుగో అంతస్తు బాల్కనీలో ఓ కరివేపాకు కుండీ ఉంది. ఓ రోజు దాని ఆకుల మీద పిట్టరెట్టలాంటి నల్లటి మరకలు కనిపించాయి. అక్కడక్కడా తెల్ల మచ్చలు. తుడుద్దామని దగ్గరికెళ్తే ఒక మరక కదిలింది!

ఫోన్‌తో ఫొటో తీసి యాప్‌లో పెడితే ‘లైమ్ బటర్‌ఫ్లై’ అని చూపించింది. అంటే నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల. పిట్టలు తనను తినకుండా పిట్టరెట్టలా వేషం వేసుకుంటుంది. ఎంత తెలివో చూడండి. కాస్త పెద్దయ్యాక వేషం మార్చేసి ఆకుపచ్చగా తయారవుతుంది. వేలు దగ్గర పెడితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీసి, ఘాటు వాసన వదుల్తుంది.

ఫోన్‌లో అమ్మకు చెప్తే ఒకటే మాట: “ఆకంతా తింటది రా, ఏరి పారెయ్.” పప్పు పోపులోకి ఆకు కిరాణా కొట్లో దొరుకుతుందిలే అని వదిలేశా. గుడ్డు నుంచి రెక్కల దాకా సుమారు నెల రోజులు. కుండీలో ఆకులు సగం పోయాయి. ఒకరోజు పొద్దున స్టాండప్ కాల్‌లో ఉండగా, ప్యూపా పగిలి నలుపు-పసుపు రెక్కల సీతాకోక బయటికొచ్చి గ్రిల్ మీద రెక్కలు ఆరబెట్టుకుంది. కెమెరా అటు తిప్పి టీమ్ మొత్తానికి చూపించా. ఆ రోజు స్టేటస్ అప్‌డేట్ అదే.

పోయిన ఆకులా? మూడు వారాల్లో కొత్త చిగుళ్లు వేసింది. కరివేపాకుకు ఇది అలవాటైన వ్యవహారమే.

ప్రతి పురుగుకూ ఒక డిపెండెన్సీ

అదే బాల్కనీలో నర్సరీ నుంచి తెచ్చిన అలంకార మొక్కలు నాలుగున్నాయి. వాటి జోలికి ఒక్క గొంగళి పురుగు కూడా పోలేదు. ఎందుకు?

మొక్క పరిగెత్తలేదు. అందుకని తనను తినేవాళ్ల మీద ఆకులోనే రసాయనాలతో యుద్ధం చేస్తుంది. చేదు, ఘాటు, జిగురు, విషం... ప్రతి మొక్కదీ ఒక్కో ఫార్ములా. ఆ ఫార్ములాను అరిగించుకోవడం నేర్చుకోవడానికి పురుగులకు లక్షల ఏళ్లు పట్టింది. అలా నేర్చుకున్నవాటిలో చాలావరకు ఏ ఒకటి రెండు కుటుంబాల మొక్కలకో పరిమితమైపోయాయి. లైమ్ బటర్‌ఫ్లై తల్లి ముందు కాళ్లతో ఆకును తట్టి రుచి చూస్తుంది. కరివేపాకో, నిమ్మో, మారేడో అని నమ్మకం కుదిరాకే గుడ్డు పెడుతుంది. ఆ మూడూ ఒకే కుటుంబం కాబట్టి సరిపోయింది. పక్కనే ఎంత పచ్చటి ఫైకస్ ఉన్నా దాని పిల్లకు అది తిండి కాదు.

జిల్లేడు సంగతి ఇంకా విచిత్రం. దాని పాలు విషం. పశువులు కూడా మూతి పెట్టవు. కానీ ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోక పిల్లలు ఆ ఆకులే తిని, ఆ విషాన్నే ఒంట్లో దాచుకుంటాయి. దాంతో పిట్టలు వాటి జోలికి రావు. జిల్లేడు, దాని కుటుంబం మొక్కలు లేకపోతే ఆ సీతాకోక ఉండదు. మా భాషలో దీన్నే డిపెండెన్సీ అంటాం. ఒక లైబ్రరీ తీసేస్తే దాని మీద నడిచే ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. ఒక రోజు చూసేసరికి ఆ సీతాకోక కనిపించదు, అంతే.

ఇదంతా సీతాకోకల ముచ్చటే అయితే సరదాగా చదివి వదిలేయొచ్చు. అసలు కథ పిట్టలది. తేనెపిట్ట తేనె తాగి బతుకుతుందనుకుంటాం కదా. పెద్దవి తాగుతాయి. గూట్లో పిల్లలకు మాత్రం మెత్తటి పురుగులు, సాలీళ్లు తెచ్చి పెట్టాలి. మాంసకృత్తులు లేకపోతే పిల్లకు రెక్కలు ఎక్కడివి?

అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డగ్ టాలమీ దీన్ని లెక్కగట్టారు. చికడీ అనే పిడికెడంత పిట్ట, ఒక్క కాన్పు పిల్లల్ని గూటి నుంచి ఎగరేయడానికి 6,000 నుంచి 9,000 గొంగళి పురుగులు తేవాలట! ఆయన, సహచరులు వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఇళ్ల పెరళ్లలో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. పెరట్లో స్థానిక మొక్కల వాటా 70 శాతం కంటే తగ్గితే, అక్కడ చికడీల సంతతి నిలబడటం లేదని తేలింది. ఆ పిట్ట మనది కాదు, ఆ చెట్లూ మనవి కావు. కానీ ఆకు-పురుగు-పిట్ట అనే గొలుసు ఎక్కడైనా ఒకటే.

అంటే పిచ్చుకలు కనిపించడం లేదని బాధపడుతూ బాల్కనీలో గింజల గిన్నె, నీళ్ల గిన్నె పెడితే సగం పనే అయినట్టు. పిల్లలకు పెట్టే తిండి ఆకు మీదే దొరకాలి.

మరి బంతి మనది కాదా?

స్థానిక మొక్కలు అనగానే కొందరు కత్తి పట్టుకుని బయల్దేరతారు. కాస్త ఆగండి. లెక్క తీస్తే చాలా పేచీలొస్తాయి.

బంతిపూలు మెక్సికో వైపు నుంచి వచ్చినవి. గుడి ముందు దేవగన్నేరు కూడా అటు నుంచే. గోడ పగుళ్లలో మొలిచే బిళ్లగన్నేరు, మే నెలలో ఎర్రగా విరగబూసే గుల్‌మొహర్ మడగాస్కర్‌వి. కాగితం పూలు దక్షిణ అమెరికావి. మిరప, టమాటా, చివరికి సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి దిగినవే. వీటన్నిటినీ పీకేస్తే మన పండగ, మన వంట రెండూ మిగలవు. దసరాకు గుమ్మానికి బంతి దండ కట్టొద్దని చెప్పడానికి నేనెవర్ని?

బయటి నుంచి వచ్చినవి మూడు రకాలు. కొన్ని వచ్చి ఒద్దికగా మనలో కలిసిపోయాయి, బంతిలాగా. కొన్ని అలంకారంగా నిలబడతాయి. వాటివల్ల హాని లేదు, పురుగుకూ పిట్టకూ పెద్దగా ఒరిగేదీ లేదు. మూడోరకమే ప్రమాదం. వచ్చి మొత్తం ఆక్రమించేస్తాయి. లాంటానాను 1800ల తొలినాళ్లలో అందం కోసమే కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చారు. ఇప్పుడది దేశంలో ఏ అడవికెళ్లినా ఎదురొస్తుంది. సర్కారు తుమ్మను 1870ల చివర్లో మన కడప జిల్లా కమలాపురం వైపు వంటచెరకు కోసం నాటారు. ఆ తర్వాత చెరువులు, బీళ్లు ఏమయ్యాయో పల్లెటూరి వాళ్లను అడగండి. తమాషా ఏంటంటే, అది మన జమ్మిచెట్టుకు దగ్గరి చుట్టమే. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, దసరా పూజలందుకుంటుంది. చుట్టం వచ్చి పొలాలు ఆక్రమించింది.

కోనోకార్పస్ కథ మొన్నమొన్నటిది. సోమాలియా, యెమెన్ తీరాల చెట్టు. నీళ్లు పెద్దగా లేకున్నా పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ఇంకేం కావాలి? రోడ్ల మధ్య, ప్రహరీల వెంట వరుసలు వరుసలు నాటేశారు. పుప్పొడి వల్ల అలర్జీలు, వేళ్ల వల్ల పైపులకు నష్టం అన్న ఫిర్యాదులతో గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటడాన్ని నిషేధించాయి.

స్థానిక చెట్టైతే కళ్లు మూసుకుని నాటేయొచ్చా అంటే అదీ కాదు. ఏడాకుల పాల మన దేశపు చెట్టే. విశాఖపట్నంలో రోడ్ల పక్కన వరసగా అదే నాటారు. చలికాలం మొదట్లో అన్నీ ఒకేసారి పూస్తే, ఆ ఘాటు వాసనకు ఊపిరాడటం లేదని జనం గగ్గోలు పెట్టారు. అడవిలో వంద చెట్ల మధ్య అదొకటిగా ఉంటుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఏ మొక్కైనా సరే, ఒక్కటే రకం వరసగా నాటడం దగ్గరే తేడా వస్తుంది.

600 గజాల గడ్డి లెక్క

మా గేటెడ్ కమ్యూనిటీ హైదరాబాద్ పడమటి వైపు, నాలుగు బ్లాకులు. గతేడాది ఏప్రిల్‌లో బోర్లు అడుగంటాయి. ట్యాంకర్లు మొదలయ్యాయి. ఫ్లాట్‌కు ఇంత అని అదనపు మెయింటెనెన్స్ వేశారు. వాట్సాప్ గ్రూపులో ‘షవర్ వాడకండి, బకెట్ వాడండి’ అని రోజూ మెసేజ్. అదే సమయానికి కింద స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి, గడ్డి ఎండిపోకుండా!

మీటింగ్‌లో లెక్క చెప్పా. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు పడితే ఒక లీటరు. నడి ఎండాకాలంలో లాన్ పచ్చగా ఉండాలంటే రోజుకు తక్కువలో తక్కువ 5 మిల్లీమీటర్లు పెట్టాలనుకుందాం. మా లాన్ 600 గజాలు, అంటే దాదాపు 500 చదరపు మీటర్లు. రోజుకు 2,500 లీటర్లు. రెండు రోజులకో 5,000 లీటర్ల ట్యాంకర్. ఏప్రిల్, మే రెండు నెలల్లో 30 ట్యాంకర్లు. అవన్నీ ఎవరూ నడవని గడ్డికే.

హైదరాబాద్‌కు ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన. అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబర్ లోపే. మిగతా ఏడెనిమిది నెలలు ఈ రాతినేల ఎండిపోవడం సహజం. దానికి తగ్గట్టే ఇక్కడి మొక్కలు తయారయ్యాయి. కొన్ని ఆకు రాలుస్తాయి, కొన్ని వేళ్లు లోతుకు దింపుతాయి, కొన్ని గింజగా మారి వానదాకా నిద్రపోతాయి. బంజారాహిల్స్ మధ్యలో ఉన్న కేబీఆర్ పార్కు ఎండాకాలంలో చూడండి. సుమారు 390 ఎకరాలు, ఎండినా వానకు మళ్లీ లేస్తుంది.

నా ప్రతిపాదన సింపుల్. పిల్లలు ఆడుకునే భాగం వదిలేసి, మిగతా గడ్డి తీసేసి ఇక్కడి పొదలు వేద్దాం. మందు స్ప్రే ఆపేద్దాం.

అభ్యంతరాలు వరసపెట్టి వచ్చాయి. పాములొస్తాయన్నారు. దోమలొస్తాయన్నారు. కమిటీలో ఓ పెద్దాయన మాత్రం అసలు పాయింట్‌కే వచ్చేశారు. “బాబూ, నువ్వు చెప్పేది బాగానే ఉంది. రేపు ఫ్లాట్ అమ్ముకోవాలంటే, కొనడానికి వచ్చినవాళ్లకు గేటు దగ్గర పిచ్చిమొక్కలు చూపిస్తామా? రీసేల్ వాల్యూ ఏం కాను?”

కొట్టిపారేసే ప్రశ్న కాదది. ఇరవయ్యేళ్ల ఈఎంఐ కట్టేవాడికి అది నిజమైన భయం. గంటసేపు వాదన తర్వాత ఒప్పందం కుదిరింది. గేటు దగ్గర కాదు, వెనక ప్రహరీ వెంట. 60 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఏడాది గడువు. నచ్చకపోతే మళ్లీ గడ్డి.

‘పీకమంటే పీకుతున్న సార్’

మొక్కల పేర్లకు నేను యాప్ మీద ఆధారపడుతుంటే, మా తోటమాలి అన్న నవ్వాడు. నాగర్‌కర్నూల్ వైపు ఊరు. గడ్డిలో మొలిచిన వాటిని ఒక్కొక్కటీ పీకి గంపలో వేస్తూ, వాటి పేర్లు చెప్పుకుంటూ పోయాడు. “ఇది తుమ్మి. ఇది ఉత్తరేణి. గిదేమో గునుగు. బతుకమ్మల పెడ్తరు గద.”

“మరి ఎందుకు పీకుతున్నావన్నా?”

“పీకమంటే పీకుతున్న సార్. గడ్డిల గడ్డే ఉండాలన్నరు.”

ఈ ప్రాంగణంలో మొక్కల గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషికి, తనకు తెలిసిన మొక్కలన్నీ పీకేయడమే ఉద్యోగం. నాటాల్సినవాటి పేర్లేమో అతనికి నోరు తిరగవు. ఆ మాట విన్నాక ఆ 60 అడుగుల ముక్కకు ప్లాన్ నేను వేయలేదు. అన్ననే వేయమన్నా.

జూన్‌లో తొలకరి పడ్డాక నాటాం. అటవీ శాఖ నర్సరీ నుంచి తెచ్చిన తంగేళ్లు పన్నెండు. వెనక గోడకు ఆనించి వావిలి, అడ్డసరం. మూలల్లో, పైపులకు దూరంగా ఒక రేల, ఒక పొగడ. ముందు వరసలో అందం కోసం నూరు వరహాలు, కనకాంబరాలు. గునుగు, తుమ్మి మేం నాటనక్కర్లేకపోయింది. అన్న పీకడం మానేశాడు, అవి మొలిచాయి. రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టకుండా మొదళ్లలో పరిచాం.

నడిచే దారికి, పొదలకు మధ్య రెండడుగుల జాగా ఖాళీగా ఉంచాం. ఎవరు నడిచినా కాలి కింద ఏముందో కనిపించాలి కదా. పాములు వచ్చేది ఎలుకల కోసం, ఎలుకలు వచ్చేది చెత్త కోసం. అందుకని ముందు డస్ట్‌బిన్లకు మూతలు పెట్టించాం. దోమలకు కావాల్సింది నిలవ నీరు, ఆకు కాదు. డెంగీ దోమ పెరిగేది కుండీ కింద పళ్లెం లాంటి చోట్లే.

వానలు ముదిరేసరికి గండుతుమ్మెదలు మొదలయ్యాయి. పన్నెండు తంగేళ్లలో మూడే పూశాయి, మిగతావి మోకాలెత్తే. ఆ మూడింటి చుట్టూనే మోత. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి సన్నటి గొట్టాల్లాంటి కేసరాల్లో బిగించి ఉంటుంది, కొసన చిన్న రంధ్రం. తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని కంపింపజేస్తే, ఉప్పుడబ్బా ఊపినట్టు పుప్పొడి రాలుతుంది. చెవి దగ్గర పెట్టి వింటే ఎగిరేటప్పటి చప్పుడు వేరు, పువ్వు మీది చప్పుడు వేరు. లేత తంగేడాకుల మీద ఎమిగ్రెంట్ అనే లేతపసుపు సీతాకోకలు గుడ్లు పెట్టాయి. ఆకులకు చిల్లులు పడ్డాయి. అన్న నాకు ఫొటో పంపాడు, కింద ‘పండ్గ’ అని వాయిస్ మెసేజ్ పెట్టి.

బతుకమ్మ నాటికి గునుగు తెల్లగా నిలబడింది. చేలల్లో కలుపు మందు వచ్చాక గునుగు, తుమ్మి తగ్గిపోయాయని మా నల్గొండ జిల్లా ఊళ్లోనే అంటుంటారు. నగరంలోనైతే కట్ట కొనుక్కోవాల్సిందే. ఆ తొమ్మిది రోజులూ మా కమ్యూనిటీ ఆడవాళ్లు వెనక గోడ దగ్గరికే వచ్చారు. రీసేల్ వాల్యూ అడిగిన పెద్దాయన ఇంటి నుంచే మొదటి తాంబాళం వచ్చింది. ఆయన కోడలు గునుగు కోస్తూ, “ఇంత దగ్గర ఉంటే మొన్న మార్కెట్లో ఎందుకు కొన్నాం మామయ్యా” అంది. ఆయన ఏమీ అనలేదు. వాకింగ్ రూటు మాత్రం అటు మార్చుకున్నారు.

మీ బాల్కనీకి ఐదు

సొంతిల్లు, పెరడు ఉంటే రేల, మోదుగ, పొగడ, కానుగ... చాలా ఉన్నాయి. కానుగ నీడ చల్లదనం వేరే చెప్పాలా? అద్దె ఫ్లాట్‌లో బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లకు ఇవి చాలు:

కరివేపాకు: నాలుగైదు గంటల ఎండ ఉంటే చాలు. రెండు కుండీలు పెట్టుకోండి. ఒకటి మీకు, ఒకటి సీతాకోకలకు. లైమ్ బటర్‌ఫ్లైతో పాటు నల్లటి కామన్ మార్మన్ కూడా దీనిమీదే గుడ్లు పెడుతుంది.

తంగేడు: ఎండ దంచికొట్టే బాల్కనీకి, టెర్రస్‌కు ఇదే. 20 లీటర్ల పెయింట్ బకెట్‌కు అడుగున రంధ్రాలు పెడితే సరిపోతుంది. గింజ పెంకు గట్టిది. పొయ్యి మీంచి దించిన వేడినీళ్లలో వేసి రాత్రంతా అలాగే చల్లారనిచ్చి, పొద్దున నాటండి. కొమ్మలు కత్తిరిస్తూ ఉంటే గుబురుగా వస్తుంది.

కనకాంబరం: ఎండ తక్కువ, నీడ ఎక్కువ ఉన్న బాల్కనీకి. దక్షిణ భారతం, శ్రీలంకల మొక్కే. పూసిన వెన్ను ఎండాక కత్తిరిస్తే మళ్లీ మళ్లీ పూస్తుంది.

నూరు వరహాలు: పొడవాటి గొట్టం పూలు. పొడుగు నాలుక ఉన్న సీతాకోకలు, వంకర ముక్కు తేనెపిట్టలు వస్తాయి. ఎర్రమట్టి ఇష్టం. నర్సరీలో పొట్టి రకాలు, రంగురంగుల రకాలు చాలా ఉంటాయి. పాతకాలపు ఎర్ర పువ్వు అడిగి తీసుకోండి.

తులసి: ఇప్పటికే ఇంట్లో ఉంటుంది. చెయ్యాల్సిందల్లా ఒకటే, వెన్నులు వచ్చిన వెంటనే అన్నీ తుంచేయొద్దు. సగం పూయనివ్వండి. చిన్న తేనెటీగలు పొద్దున్నే వచ్చి వాలతాయి.

జిల్లేడును కుండీలో పెట్టమని మాత్రం చెప్పను. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. బయట ఖాళీ జాగాలో దానంతటది మొలిస్తే పీకేయకండి, చాలు.

నాలుగు మాటలు గుర్తుంచుకోండి

ఒకటి. ‘స్థానిక మొక్కకు నీళ్లక్కర్లేదు’ అనేది నేలలో నాటినప్పటి మాట, అదీ మొదటి ఏడాది దాటాక. కుండీలో వేరు ఎక్కడికి పోతుంది? తంగేడైనా సరే, ఎండాకాలం కుండీకి నీళ్లు పోయాల్సిందే.

రెండు. పురుగు మందు కొడుతూ సీతాకోకల కోసం మొక్క పెంచడమంటే, భోజనానికి పిలిచి విషం పెట్టడమే. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు ఆకు నుంచి పుప్పొడి దాకా మొక్కంతా పాకుతాయి. తేనెటీగలకు హాని అనే యూరోపియన్ యూనియన్ 2018లో ఆరుబయట వాటి వాడకం నిషేధించింది. నర్సరీలో కొనేటప్పుడే ఏం కొట్టారో అడగండి.

మూడు. అడవుల నుంచి, పార్కుల నుంచి మొక్కలు తవ్వి తేవొద్దు. రోడ్డు పక్క తంగేడు కాయ ఎండాక నాలుగు గింజలు తెచ్చుకోండి, లేదా నర్సరీలో కొనండి. నర్సరీలో లేకపోతే అడుగుతూ ఉండండి. పది మంది అడిగితే పదకొండో వాడికి దొరుకుతుంది.

నాలుగు. పేరు తెలియని మొక్క కనిపిస్తే ఫొటో తీసి ఐన్యాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టండి. శాస్త్రీయ నామం అక్కడ తెలుస్తుంది. అసలు పేరు కోసం మాత్రం మీ తోటమాలినో, ఊళ్లో పెద్దవాళ్లనో అడగండి. ఆ పేర్లు తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. పేరు పోయిన మొక్కకు మనం పెట్టే పేరు ఒకటే, ‘పిచ్చిమొక్క’.

మా ఏడాది గడువు ఈ వేసవి ముందు మీటింగ్‌తో ముగుస్తుంది. నా స్లయిడ్లలో రెండే ఉన్నాయి. ఒకటి 30 ట్యాంకర్ల లెక్క. రెండోది, తోటమాలి అన్న పంపిన చిల్లులు పడ్డ తంగేడాకు ఫొటో. ఈసారి అడగబోయేది గేటు పక్కన 20 అడుగులు. మాట్లాడేది నేను కాదు, అన్న. అసోసియేషన్ మీటింగ్‌లో తోటమాలికి కుర్చీ వేయడం మా దగ్గర ఇదే మొదటిసారి. అజెండాలో ఆ లైను చేర్పించింది ఆ పెద్దాయన కోడలే.